కంచం చూడగానే ముఖం తిప్పుకునే పసివారు

"మా వాడు ఏమీ తినడండీ!" అనే మాట పసిపిల్లలున్న ప్రతి ఇంటా ఏదో ఒకనాడు వినిపించేదే. "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అని మన పెద్దలు ఊరకే అనలేదు. ఒక బిడ్డకు వంకాయ సయించదు, మరొక బిడ్డ మెంతికూర వాసన వస్తే లేచిపోతాడు. ఇంతవరకు చింతించవలసిన పని లేదు.

అయితే కొందరు పిల్లల తీరు వేరుగా ఉంటుంది. మూడేళ్లు నిండినా వారు తినేవి వేళ్లమీద లెక్కించవచ్చు. తెల్లని ఇడ్లీ, పెరుగన్నం, ఒకే రకం బిస్కెట్టు, పాలు. అంతటితో సరి. పెరుగన్నంలో ఒక్క ఆవగింజ కనిపించినా గిన్నె తోసివేస్తారు. కొత్త కూరను ప్రక్కవారి కంచంలో చూసినా ఓకరిస్తారు. "ఆకలి రుచి ఎరుగదు, రెండు పూటలు మాడ్చితే దానంతట అదే దారికి వస్తుంది" అని ఇరుగుపొరుగువారు సలహా ఇస్తారు. సామాన్యంగా మారాము చేసే పిల్లల విషయంలో ఈ సామెత నిజమే కావచ్చు గాని, ఈ కోవకు చెందిన బిడ్డ నిజంగానే ఆకలితో పడుకుంటాడు తప్ప నచ్చని పదార్థాన్ని నోట పెట్టుకోడు.

అమీర్‌పేట, పంజాగుట్ట వంటి ప్రాంతాల్లో అపార్టుమెంట్లలో నివసించే కుటుంబాలకు ఈ సమస్య మరింత భారమవుతుంది. ఉదయం ఎనిమిది గంటలకే స్కూలు వ్యాను గుమ్మంలో ఉంటుంది. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులు. వీధి మలుపులోని టిఫిన్ సెంటరు ఇడ్లీ అయితే బిడ్డ తింటాడు, ఇంట్లో చేసిన ఇడ్లీ రంగు కొంచెం తేడాగా ఉంటే ముట్టుకోడు. జిల్లా నుంచి వచ్చిన నాయనమ్మ "మా రోజుల్లో ఇలా ఉండేదా?" అంటుంది. తల్లి తనలో తాను కుమిలిపోతుంది. ఇలా అన్నం ముద్ద చుట్టూ ఇల్లంతా అశాంతి అలుముకుంటుంది. ఈ అశాంతి తొలగాలంటే బిడ్డ ఎందుకు తినడం లేదో ముందుగా గుర్తించాలి. కారణాన్ని బట్టి చికిత్స మారుతుంది గనుక ఇది అత్యవసరం.

ఏడాది దాటాక ఆకలి తగ్గడం సహజం

మూడు కిలోల బరువుతో పుట్టిన శిశువు ఏడాది నిండేసరికి సుమారు తొమ్మిది కిలోలవుతాడు. అంటే ఒక్క సంవత్సరంలో ఆరు కిలోల పెరుగుదల! రెండేళ్లు దాటిన తరువాత ఏడాదికి రెండు కిలోలకు అటూ ఇటూగా మాత్రమే పెరుగుతాడు. పెరుగుదల వేగం తగ్గినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. పోయిన ఏడాది రెండు గిన్నెలు తిన్నవాడు ఈ ఏడాది ఒక గిన్నెతో లేచిపోతే అది రోగం కాదు, ప్రకృతి ధర్మం.

దీనికి తోడు ఏడాదిన్నర వయసు నుంచి కొత్త పదార్థమంటే భయం మొదలవుతుంది. రెండు నుంచి ఆరేళ్ల మధ్య ఇది ఎక్కువగా ఉంటుంది. తనంతట తాను నడిచి, కనిపించిందల్లా నోట పెట్టుకోగల వయసులో తెలియని ఆకునో కాయనో తినకుండా ప్రకృతి కల్పించిన రక్షణగా శాస్త్రజ్ఞులు దీనిని భావిస్తారు. చేదును గ్రహించే శక్తి కూడా పెద్దలకంటె పిల్లల్లో అధికం. మనకు కమ్మగా తోచే మెంతికూర పప్పు వారికి చేదుమందులా తోచవచ్చు.

పెంపకంలో మనం చేసే ఒక పొరపాటు కూడా ఇక్కడ ఉంది. ఆరు నెలలు నిండగానే మెత్తని ఆహారం ప్రారంభించి, తొమ్మిది, పది నెలలకల్లా పలుకులు తగిలే ఆహారం అలవాటు చేయాలి. బ్రిటన్‌లో వేలాది పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన ఒక అధ్యయనంలో, ఈ అలవాటు ఆలస్యమైన పిల్లలు తరువాత ఆహారం విషయంలో ఎక్కువ పేచీ పెడుతున్నట్లు తేలింది. మూడేళ్ల వరకు పప్పన్నాన్ని మిక్సీలో తిప్పి పెట్టే ఇళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆయుర్వేదం చెప్పిన మూడు భేదాలు

ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాలలో ఒకటైన కౌమారభృత్యం పూర్తిగా పిల్లల వైద్యానికే కేటాయించబడింది. ఆహారం మీద విముఖతను మన ప్రాచీనులు ఒకే గాటన కట్టలేదు. మాధవ నిదానానికి వెలసిన మధుకోశ వ్యాఖ్యలో మూడు భేదాలు కనిపిస్తాయి.

మొదటిది అరోచకం. అన్నం నోట పెట్టుకున్నా రుచి తెలియకపోవడం దీని లక్షణం. జ్వరం, జలుబు, అజీర్ణం, నోటిపూత ఉన్నప్పుడు ఇది కలుగుతుంది.

రెండవది భక్తద్వేషం. భక్తమంటే అన్నం. భోజనాన్ని తలచుకున్నా, చూచినా, తాకినా ఏవగింపు కలగడాన్ని ఈ పేరుతో పిలిచారు. మనం చెప్పుకుంటున్న పిల్లవాడు చాలావరకు ఈ కోవలోనివాడే. వాడి జఠరాగ్నిలో లోపం లేదు. కన్ను, ముక్కు, వేళ్లు, నాలుక ఆ పదార్థాన్ని సహించలేకపోతున్నాయి.

మూడవది అభక్తచ్ఛందం. కోపంతోనో భయంతోనో ఉన్నవానికి అన్నం మీద శ్రద్ధ లేకపోవడమే ఇది.

చరక సంహిత చికిత్సాస్థానం 26వ అధ్యాయంలో కూడా, అరుచికి వాతాది దోషాలతో పాటు శోకం, భయం, క్రోధం, మనస్సుకు నచ్చని ఆహారం, రూపం, వాసన కారణాలుగా చెప్పబడ్డాయి. తినకపోవడానికి కడుపు ఒక్కటే కారణం కాదని ఎన్నో శతాబ్దాల క్రితమే మన వైద్యులు గుర్తించారన్నమాట.

ఈ మూడింటిని కలగాపులగం చేయడం వల్లనే ఇళ్లలో చిక్కు ఏర్పడుతున్నది. భక్తద్వేషం గల బిడ్డకు ఆకలి మందు పోస్తాం. అది పనిచేయదు. విసిగి కొడతాం, బెదిరిస్తాం. అప్పుడు మూడవదైన అభక్తచ్ఛందం కూడా వచ్చి చేరుతుంది. ఒక కష్టం రెండు కష్టాలవుతుంది.

భయంతో ఆకలి పుట్టదు

"తినకపోతే బూచివాడు వస్తాడు" అనడం, ముక్కు మూసి ముద్ద కుక్కడం, అన్న తింటున్నాడు చూడమని పోల్చి చిన్నబుచ్చడం – వీటివల్ల ఆ పూటకు నాలుగు ముద్దలు లోపలికి పోవచ్చు. కాని కంచం అంటేనే బిడ్డకు గుండె దడ మొదలవుతుంది. సెల్‌ఫోనులో బొమ్మలు చూపిస్తూ తినిపించడం బెదిరింపు కాకపోయినా మేలైన పద్ధతి కాదు. ఏమి తింటున్నాడో, కడుపు నిండిందో లేదో వాడికే తెలియదు. మనస్సు భోజనం మీదనే లగ్నం చేసి తినాలనీ, ముందు తిన్నది జీర్ణమైన తరువాతనే మళ్లీ తినాలనీ చరకుడు భోజన నియమాలలో చెప్పాడు. ఈ రెండు నియమాలను పాటిస్తే సగం పేచీ తగ్గుతుంది.

అమెరికాలో క్లారా డేవిస్ అనే వైద్యురాలు 1920ల చివర, 1930లలో ఒక విచిత్రమైన పరిశీలన చేసింది. పాలు మాన్పించే వయసులోని 15 మంది పసివారి ముందు 34 రకాల సహజమైన పదార్థాలను ఉంచి, ఎవరికి కావలసింది వారు తినేలా ఏర్పాటు చేసింది. ఏ ఒక్కరి భోజనమూ మరొకరి భోజనంలా లేదు. అయినా అందరూ ఆరోగ్యంగా పెరిగారు. ఇందులో గమనించవలసిన కీలకం ఒకటుంది. ఆ 34 పదార్థాలలో పంచదార లేదు, మిఠాయి లేదు, బిస్కెట్టు లేదు. ఏది తినాలో పిల్లలే ఎన్నుకున్నా, ఎన్నుకోవలసిన వరుసను పెద్దలే నిర్ణయించారు.

1980లలో ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు దీనిని పనుల పంపకంగా చెప్పింది. ఏమి పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నవి పెద్దల వంతు. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి బిడ్డ వంతు. ఈ పంపకాన్ని ఇంటిల్లిపాదీ, ముఖ్యంగా అమ్మ, నాన్న, నాయనమ్మ ముగ్గురూ ఒకే మాటగా పాటించాలి. ఒకరు వద్దంటే మరొకరు చాటుగా బిస్కెట్టు ఇవ్వడం వల్ల ఫలితం ఉండదు.

ఆచరణలో ఇలా చేయండి. రోజుకు మూడు భోజనాలు, రెండు చిరుతిండ్లు నిర్ణీత వేళల్లో పెట్టండి. వాటి మధ్య రెండున్నర, మూడు గంటల వ్యవధి ఉంచి, ఆ మధ్యలో మంచినీళ్లు తప్ప మరేమీ ఇవ్వవద్దు. రోజుకు ఒక్క పూటైనా అందరూ కలిసి కూర్చోండి. కంచంలో బిడ్డ తప్పక తినే పదార్థం ఒకటి, కొత్తది ఒక చెంచాడు ఉండాలి. కొత్తది తినమని అడగవద్దు, తినకపోతే వ్యాఖ్యానించవద్దు. ఇరవై, ముప్ఫై నిమిషాల తరువాత కంచం తీసివేయండి. పొగడ్త కూడా మితంగానే ఉండాలి. ఒక ముద్ద తింటే చప్పట్లు కొట్టే ఇంట్లో ఆ ముద్ద బిడ్డ చేతిలో ఆయుధమవుతుంది.

పాదాంశిక క్రమం: పావు వంతు మార్పు

అలవాటైన దానిని విడిచి కొత్తదానికి మారేటప్పుడు ఒక్కసారిగా మారరాదనీ, కొద్ది కొద్ది భాగాలుగా మారాలనీ చరక సంహిత సూత్రస్థానం 7వ అధ్యాయంలో ఉంది. దీనికే పాదాంశిక క్రమమని పేరు. పాదమంటే నాలుగవ వంతు. అలవాటు వల్ల శరీరానికి ఒదిగిపోయిన దానిని ఓకసాత్మ్యం అంటారు. ఆ ఒదిగిన పదార్థాన్నే మెట్టుగా చేసుకుని తరువాతి మెట్టు ఎక్కాలన్నది ఇందులోని సూక్ష్మం. నేడు పిల్లల ఆహార చికిత్సకులు అనుసరిస్తున్న మార్గం కూడా దాదాపు ఇదే.

తెల్ల ఇడ్లీ మాత్రమే తినే బిడ్డను ఉదాహరణగా తీసుకుందాం. మొదటి వారం అదే పిండితో ఇడ్లీని చిన్న ఆకారంలో వేయండి. రుచి మారలేదు, రూపం మారింది. రెండవ వారం అదే పిండిని చిన్న దిబ్బరొట్టెగా కాల్చండి. అంచు కరకరలాడుతుంది. మూడవ వారం మూడు వంతుల ఇడ్లీ పిండికి ఒక వంతు రాగి పిండి కలిపి చూపండి. కొందరికి ఈ పావు వంతు కూడా ఎక్కువే. అప్పుడు చెంచాడుతో ఆరంభించండి. బిడ్డ వెనుకంజ వేస్తే కోపగించక క్రింది మెట్టుకు దిగి, వారం ఆగి మళ్లీ ప్రయత్నించండి.

ఒక హెచ్చరిక. బిడ్డ నమ్మి తినే పదార్థంలో చాటుగా ఆకుకూర రుబ్బి కలపవద్దు. మోసం తెలిసిన రోజున ఉన్న ఆ ఒక్క ఇడ్లీని కూడా మానివేస్తాడు. నమ్మకమైన ఇడ్లీ యథాతథంగా ఒక ప్రక్క, మార్పు చేసినది వేరొక ప్రక్క బాహాటంగా ఉండాలి.

కొత్త పదార్థం నోటికి చేరే ముందు కంటికి, చేతికి, ముక్కుకు పరిచయం కావాలి. సెలవు రోజున ఎర్రగడ్డ రైతు బజారుకు బిడ్డను వెంట తీసుకువెళ్లండి. ఒక బీరకాయనో టమాటానో వాడినే ఏరి సంచిలో వేయమనండి. ఇంటికి వచ్చాక కడగడం, చిక్కుడుకాయలు తుంచడం, బఠాణీలు ఒలవడం వంటి పనులు అప్పగించండి. తినమని మాత్రం అనవద్దు. అమెరికాలో లియాన్ బర్చ్ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధనలను బట్టి, ఒక కొత్త రుచి బిడ్డకు నచ్చడానికి 8 నుంచి 15 పర్యాయాలు పరిచయం కావలసి రావచ్చు. తీవ్రమైన విముఖత గల పిల్లలకు ఇంతకు మించి కూడా పట్టవచ్చు. మనమేమో రెండు మూడుసార్లకే "వీడికి పడదు" అని తీర్మానించి వదిలివేస్తాం.

మన ఊరి పేరు గల పిండి

పేచీపెట్టే బిడ్డ తినే కొద్దిపాటి ఆహారంలోనే బలం ఉండాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, పోషకాహార లోపం గల పిల్లల కోసం ఇంట్లోనే చేసుకోదగిన ఒక మిశ్రమాన్ని రూపొందించింది. దానికి "హైదరాబాద్ మిక్స్" అనే పేరు స్థిరపడింది. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16 గ్రాములు, వేరుశనగ పప్పు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు ఇందులో ఉంటాయి. మొదటి మూడింటిని విడివిడిగా దోరగా వేయించి, పొడి చేసి, బెల్లం కలపాలి. ఈ 86 గ్రాముల పొడిలో 330 కేలరీల శక్తి, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు లభిస్తాయి.

దీనిని పాలతో జావగా కాచవచ్చు, నేయి కలిపి చిన్న ఉండలు చుట్టవచ్చు. కొత్త రుచి గనుక దీనిని కూడా పాదాంశిక క్రమంలోనే అలవాటు చేయాలి. వేరుశనగ పడని పిల్లలకు దీనిని ఇవ్వరాదు. పసివారికి గింజలు పొడి రూపంలోనే ఇవ్వాలి. పూర్తి గింజలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది.

ఆకలి మందగించినప్పుడు గృహచికిత్స

జ్వరం తగ్గిన తరువాత, అజీర్ణం చేసినప్పుడు, కడుపు ఉబ్బరించినప్పుడు కలిగే అరుచికి ఈ క్రింది చిట్కాలు మన ఇళ్లలో అనుభవం మీద వాడుతున్నవి. రెండేళ్లు దాటిన పిల్లలకు మాత్రమే ఇవ్వండి.

1. వేయించిన జీలకర్ర పొడి చిటికెడు, సైంధవ లవణం కొద్దిగా పలుచని మజ్జిగలో కలిపి మధ్యాహ్న భోజనంతో ఇవ్వాలి.

2. నేతిలో వేయించి దంచిన శొంఠి పొడి చిటికెడు, వేడి అన్నం, నేయి కలిపి మొదటి ముద్దగా పెట్టాలి.

3. పావు చెంచా వామును గ్లాసు నీటిలో సగమయ్యే వరకు కాచి, వడగట్టి, గోరువెచ్చగా రెండు చెంచాలు పట్టాలి.

4. దానిమ్మ రసం, లేదా పప్పు మీద పిండిన నిమ్మరసం రుచిని పుట్టిస్తాయి. నిమ్మరసం పప్పులోని ఇనుము ఒంటపట్టడానికి కూడా తోడ్పడుతుంది.

ఇవన్నీ అగ్నిమాంద్యానికి ఉద్దేశించినవి. భక్తద్వేషం వీటితో పోదు. తినని బిడ్డకు బలవంతంగా కషాయం పోస్తే నోటి భయం రెట్టింపవుతుంది. ఏడాది లోపు శిశువుకు తేనె ఏ రూపంలోనూ నాకించరాదు, ప్రాణాపాయం కలగవచ్చు. భస్మాలు, రసౌషధాలు అర్హుడైన వైద్యుని పర్యవేక్షణ లేకుండా పిల్లలకు వాడరాదు.

దుకాణంలో అడిగి తెచ్చే ఆకలి సిరప్‌ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వీటిలో కొన్నింటిలో ఉండే సైప్రోహెప్టడిన్ నిజానికి అలర్జీ మందు. మగత కలిగిస్తుంది. వైద్యుడు వ్రాయనిదే వాడకూడదు. డబ్బాలలో వచ్చే తీపి పొడులు కలిపిన పాలు కూడా భోజనానికి ప్రత్యామ్నాయం కావు. ఇటువంటి పానీయాలను "ఆరోగ్య పానీయాల" వర్గం క్రింద అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఇంటర్నెట్ అమ్మకందారులను ఆదేశించిన సంగతి గమనార్హం. ఉత్త పాలైనా రోజుకు 400–500 మి.లీ. మించితే అన్నానికి చోటుండదు, ఇనుము లోపమూ ఏర్పడుతుంది.

వైద్యుణ్ణి ఎప్పుడు సంప్రదించాలి?

తెల్లని పదార్థాలనే తినే బిడ్డ బొద్దుగా ఉన్నా రక్తహీనుడై ఉండవచ్చు. రక్తహీనత ఆకలిని చంపుతుంది, తినకపోవడం రక్తహీనతను పెంచుతుంది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 6 నుంచి 59 నెలల వయసు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నది. నులిపురుగులు కూడా ఒక కారణమే. కనుక అంగన్‌వాడీ కేంద్రంలోనో బస్తీ దవాఖానాలోనో మూడు నెలలకొకసారి బిడ్డను తూకం వేయించి, ఇనుము సిరప్, నులిపురుగుల మందు గురించి తెలుసుకోండి.

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా చిట్కాలతో కాలయాపన చేయక పిల్లల వైద్యునికి చూపించాలి.

– బరువు తగ్గడం, లేదా నెలల తరబడి పెరగకపోవడం.
– పాలిపోయిన ముఖం, మట్టి, బలపాలు, పచ్చి బియ్యం తినడం.
– మింగేటప్పుడు దగ్గు, పొలమారడం, తరచు వాంతి, తీవ్రమైన మలబద్ధకం.
– తినే పదార్థాలు పదింటికి లోబడి ఉండి, వాటిలోనూ ఒక్కొక్కటి తగ్గిపోతూ ఉండడం.
– గొంతులో ఏదో అడ్డుపడిన నాటి నుంచి అకస్మాత్తుగా తిండి మానివేయడం.
– పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం, మాటలు ఆలస్యం కావడం, శబ్దాలను, బట్టల స్పర్శను కూడా సహించలేకపోవడం.

చివరి లక్షణాలు ఆటిజం వంటి ఎదుగుదల తేడాలను సూచించవచ్చు. పోషణ దెబ్బతినేంతగా ఆహారాన్ని పరిహరించడాన్ని 2013 నుంచి మానసిక వైద్యశాస్త్రం "ఆర్ఫిడ్" అనే ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. ఇది తల్లి పెంపక లోపం కాదు, బిడ్డ మొండితనమూ కాదు. శిక్షణ పొందిన చికిత్సకుల సాయంతో మెరుగుపడే స్థితి. రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి స్త్రీలు, పిల్లల కోసం 1953లో వెలసిన ప్రభుత్వ వైద్యశాల. ఎదుగుదల పరీక్షలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉన్నది. ఆయుర్వేద సలహా కోరేవారికి ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాల అందుబాటులో ఉంది. నాయనమ్మ దిష్టి తీస్తానంటే కాదనవలసిన పని లేదు గాని, దిష్టి తీశామని బిడ్డను తూకం వేయించడం మానరాదు.

ఫలితం వారంలో కనిపించదు. మూడు నెలల్లో బిడ్డ రెండు కొత్త పదార్థాలను నోటపెట్టినా అది గొప్ప ముందడుగే. ఈ పూట ఎన్ని ముద్దలు తిన్నాడన్నది లెక్కించకండి. కంచం ముందుకు బిడ్డ ఏడవకుండా వచ్చి కూర్చున్నాడా అన్నది చూడండి. అలా కూర్చున్న నాడు చికిత్సలో మొదటి పాదం పూర్తయినట్లే.